రాళ్ళ సందుల్లో నాలుగేళ్ళు: కొండ నదుల్లో సాల్మన్‌ఫ్లైని, దాని నివాసాన్ని పరిశీలించడం ఎలా?

మన ఊళ్ళలో తొలకరి పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసుళ్ళు లేచి దీపాల చుట్టూ ముసరడం చూసినవారికి, ఒక పురుగు ఏడాదికి ఒక్కసారి, ఎవరో పిలిచినట్టు అంతా ఒకేసారి వెలికి రావడం కొత్త విషయం కాదు. అమెరికా పడమటి రాష్ట్రాల కొండ నదుల ఒడ్డున మే నడిమి నుంచి జూలై నడిమి వరకు అటువంటిదే ఒకటి జరుగుతుంది. దాదాపు చూపుడువేలంత పొడవుండి, తల వెనకా కడుపు కిందా నారింజ రంగు పూసినట్టు కనిపించే సాల్మన్‌ఫ్లైలు వేల సంఖ్యలో నీళ్ళలోంచి పాకి వచ్చి ఒడ్డునున్న విల్లో పొదలను పట్టుకుని వేలాడతాయి. ఎల్లోస్టోన్ చూడడానికి వేసవి సెలవుల్లో వెళ్ళే తెలుగు కుటుంబాలు సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ నదుల పక్కనుంచి ప్రయాణిస్తుంటాయి. అయితే మూడు నాలుగేళ్ళ తన జీవితంలో ఈ పురుగు గాలిలో గడిపేది రెండు మూడు వారాలకు మించదు. మిగిలిన కాలమంతా చల్లని నీటి అడుగున, రాయికీ రాయికీ మధ్య మిగిలిన సందుల్లోనే బతుకుతుంది. అందువల్ల ఈ పురుగును చూడాలనుకునేవారు మొదట నేర్చుకోవలసినది పురుగును వెతకడం కాదు, సందును వెతకడం. ఈ మార్గదర్శి ఆ క్రమంలోనే సాగుతుంది.

మొదట ఏ పురుగును వెతుకుతున్నామో తెలుసుకోవడం

సాల్మన్‌ఫ్లై స్టోన్‌ఫ్లై అనే కీటకాల్లో ఒకటి. స్టోన్‌ఫ్లైలు ప్లెకాప్టెరా అనే కీటక క్రమానికి చెందినవి. గ్రీకులో ఆ మాటకు అల్లిన రెక్కలు అని అర్థం. పేరులో ఫ్లై ఉన్నా ఇవి ఈగలు కావు. ఈగకు రెండే రెక్కలుంటాయి, వీటికి నాలుగుంటాయి. ప్రపంచంలో 3,500కు పైగా స్టోన్‌ఫ్లై జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. వాటిలో పెద్దవాటిని వెతకడం కొత్తవారికి సులువు కాబట్టి ఈ మార్గదర్శికి టెరోనార్సిస్ కాలిఫోర్నికా అనే జాతిని ఎంచుకున్నాను. దీనిని 1848లో జార్జ్ న్యూపోర్ట్ అనే ఆంగ్ల కీటక శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. చేపలు పట్టేవారు దీనినే సాల్మన్‌ఫ్లై అంటారు.

దీని జీవితంలో గుడ్డు, శాబకం, ప్రౌఢ కీటకం అనే మూడే దశలుంటాయి. సీతాకోకచిలుకకు ఉన్నట్టు ప్యూపా దశ ఉండదు. మన జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాలు బొద్దింక పిల్లను శాబకం అన్నట్టే దీని నీటి దశనూ శాబకం అనవచ్చు. శాబకం మొప్పలతో ఊపిరి తీసుకుంటూ, పెరిగినప్పుడల్లా కుబుసం విడుస్తూ, చివరి కుబుసాన్ని మాత్రం ఒడ్డుకు వచ్చి విడుస్తుంది. ఆ కుబుసమే పరిశీలకుడికి దొరికే అత్యంత విలువైన ఆధారం; దాని గురించి తర్వాత విపులంగా చెబుతాను.

కాలాన్నీ చోటునూ ఎంచుకోవడం

మీరు చూడదలచినది ఏ దశ అన్నదాన్ని బట్టి కాలం మారుతుంది. శాబకాలను చూడాలంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు వరకు అనుకూలమైన కాలం. మంచు కరిగిన వరద అప్పటికి పూర్తిగా తగ్గి నీరు తేటపడుతుంది, మోకాలి లోతులో నిలబడి అడుగు రాళ్ళను చూడవచ్చు. అక్టోబరులో బ్రౌన్ ట్రౌట్ చేపలు గులకరాళ్ళను తోకతో తవ్వి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి కాబట్టి అప్పటికి నదిలో నడవడం మానుకోవాలి. చుట్టుపక్కల రాళ్ళకన్నా శుభ్రంగా, లేత రంగులో మెరుస్తున్న గులక తిన్నె కనిపిస్తే అది చేప గూడు కావచ్చునని అనుకుని పక్కనుంచి వెళ్ళాలి.

పురుగులు వెలికి రావడం చూడాలంటే నదిని బట్టి తేదీలు మారుతాయి. ఒరెగన్‌లోని డెషూట్స్ నదిలో మాపిన్ ఊరి చుట్టుపక్కల ఇది మే నడిమి నుంచి జూన్ మొదటి రోజుల వరకు జరుగుతుంది. ఐడహోలోని హెన్రీస్ ఫోర్క్ నది బాక్స్ కాన్యన్ భాగంలో జూన్ తొలి వారాల్లో. మోంటానాలోని బిగ్ హోల్ నదిలో జూన్ నడుమ. మాడిసన్ నదిలో క్వేక్ లేక్‌కూ ఎన్నిస్ ఊరికీ నడుమ జూన్ చివరి నుంచి జూలై తొలి వారం వరకు. 1959 ఆగస్టులో వచ్చిన భూకంపానికి కొండచరియ విరిగి నదికి అడ్డం పడడంతో ఏర్పడిన సరస్సే క్వేక్ లేక్. దాని దిగువన మాడిసన్ దాదాపు ఎడతెగకుండా రాళ్ళ మీద గలగలా పరుగెత్తుతుంది. మొదటిసారి వెళ్ళేవారికి నేను సూచించేది ఈ భాగమే. ఇక్కడ రోడ్డు నది వెంటే ఉంటుంది, ప్రజలు నదిలోకి దిగడానికి ఏర్పరచిన చోట్లు కూడా చాలా ఉన్నాయి. మోంటానా చట్టం 1985 నుంచి నదిలో సాధారణ వరద గీత వరకు ప్రజలు తిరగడానికి వీలు కల్పించింది. కానీ ఆ గీత దాటిన పొలాలూ పచ్చిక బయళ్ళూ ప్రైవేటు ఆస్తులు కావచ్చు కాబట్టి వాటి మీదుగా నదికి చేరకూడదు.

ఎల్లోస్టోన్ పార్కు సరిహద్దు లోపల మాత్రం వేరే నియమాలున్నాయి. పరిశోధన అనుమతి లేకుండా అక్కడ జీవులను పట్టడం గానీ, రాళ్ళను కదపడం గానీ, కుబుసాలను సైతం తీసుకుపోవడం గానీ కుదరదు. పార్కు లోపల కళ్ళతోనూ కెమెరాతోనూ మాత్రమే పని. ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ కూగర్ అనే పెద్ద పిల్లులకూ కనీసం 100 గజాలు, మిగిలిన జంతువులకు 25 గజాలు ఎడంగా ఉండాలన్న నియమం నది ఒడ్డున కూడా వర్తిస్తుంది. విల్లో పొదల్లో ఎదురుగా ఏమున్నదో కనిపించదు కాబట్టి ఇక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరం.

వెంట తీసుకెళ్ళవలసినవి

పెద్ద సరంజామా అక్కరలేదు. నీటి ఉష్ణోగ్రత చూసే థర్మామీటరు, లోపల తెల్లగా ఉండే వెడల్పాటి పళ్ళెం, సన్నని కన్నాల చేతి వల, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు, పెన్సిలు, తడిసినా చిరగని పుస్తకం, ఎర్రని వెలుగునిచ్చే తల దీపం ఉంటే చాలు. అడుగున రబ్బరు ఉన్న బూట్లు వేసుకోవాలి. ఫెల్టు అడుగున్న బూట్లలో పరాయి జీవులు అంటుకుని ఒక నది నుంచి మరొక నదికి పాకుతాయన్న కారణంతో ఎల్లోస్టోన్ పార్కు 2018 నుంచి వాటిని నిషేధించింది. చేతికర్ర ఒకటి తప్పనిసరి.

నదిని చదవడం

ఒడ్డుకు చేరగానే నీళ్ళలోకి దిగకండి. అరగంట సేపు గట్టు మీద నిలబడి, నది ఎక్కడ మడుగు కడుతున్నదో, ఎక్కడ తెల్లని నురగతో విరుగుతున్నదో, ఎక్కడ మోకాలి లోతున రాళ్ళ మీదుగా ముడతలు పడుతూ పారుతున్నదో చూడండి. సాల్మన్‌ఫ్లై శాబకం మడుగు అడుగున బురదలో బతకదు. నీరు విరుగుతూ పారే చోట గాలి నీటిలో బాగా కలుస్తుంది, నీటి ప్రవాహం మొప్పల మీదుగా ఎడతెగకుండా సాగుతుంది. ఈ పురుగుకు కావలసినవి ఆ రెండూ.

తర్వాత ఉష్ణోగ్రత చూడాలి. నీరు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ ఆక్సిజన్‌ను తనలో ఇముడ్చుకుంటుంది. సముద్ర మట్టం దగ్గర 0 డిగ్రీల సెల్సియస్ నీరు లీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలదు; 10 డిగ్రీల దగ్గర అది 11.3కు, 20 డిగ్రీల దగ్గర 9.1కు తగ్గుతుంది. కొండల మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. దీనితోపాటు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది: నీరు వెచ్చబడినకొద్దీ పురుగు శరీరానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. అంటే వెచ్చదనం ఒక చేత్తో గాలిని తగ్గిస్తూ, మరో చేత్తో ఆకలిని పెంచుతుంది. అందుకే థర్మామీటరును గట్టు పక్కన నిలిచిన నీటిలో కాక, నీడలో పారే నీటిలో రెండు నిమిషాలు ఉంచి అంకె రాసుకోవాలి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఒకసారి చూస్తే ఆ చోటు గుణం బోధపడుతుంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, రాళ్ళు ఒండ్రులో ఎంత కూరుకుని ఉన్నాయన్నది. కొబ్బరికాయంత మొదలుకొని బిందెంత వరకు ఉన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి వదులుగా పేర్చినట్టు ఉంటే, వాటి మధ్య వేలు దూరే సందులుంటాయి. అవే ఈ పురుగు ఇళ్ళు. సన్నని ఇసుకా ఒండ్రూ వచ్చి చేరితే రాళ్ళు అక్కడే ఉంటాయి, నీరు కూడా అక్కడే ఉంటుంది, కానీ ఇళ్ళు మూసుకుపోతాయి. గట్టు మీదనుంచి చూసేవారికి నది అందంగానే కనిపిస్తుంది. రాయిని ఎత్తినప్పుడు దాని పక్కలను గమనించండి: ఒండ్రులో కూరుకున్న భాగానికీ, నీటిలో తేలిన భాగానికీ మధ్య రంగు తేడాతో ఒక గీత ఉంటుంది. కూరుకున్న భాగం పావు వంతుకు లోపైతే మంచి చోటు; సగం దాటితే అక్కడ వెతకడం వృథా అని నా అనుభవం. రాయి ఊడి రాకుండా సిమెంటులో పెట్టినట్టు పట్టుకుని ఉంటే, ఆ చోటును వదిలి పైకి నడవండి.

నాలుగవది ఒడ్డు. విల్లో, ఆల్డర్, కాటన్‌వుడ్ చెట్లు నీటి మీదికి వంగి ఉండే చోట శరత్కాలంలో రాలిన ఆకులు రాళ్ళకు అడ్డుపడి మూటలుగా చేరతాయి. ఈ పురుగుకు అదే భోజనం.

రాయిని ఎత్తి, తిరిగి పెట్టే పద్ధతి

ముందు నీటి మట్టం తెలుసుకోవాలి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ చాలా నదుల ప్రవాహాన్ని సెకనుకు ఎన్ని ఘనపుటడుగులో లెక్కగట్టి ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతుంది; ముందు రోజుకన్నా ఆ అంకె పెరుగుతుంటే నీళ్ళలోకి దిగే ఆలోచన మానుకోండి. దిగినా మోకాలు దాటకూడదు, ఒంటరిగా అసలే దిగకూడదు.

ప్రవాహానికి ఎదురుగా, దిగువ నుంచి ఎగువకు నడవండి; అప్పుడు మీ అడుగుల కింద లేచే ఒండ్రు మీరు చూడబోయే రాళ్ళ మీద పడదు. ఎంచుకున్న రాయికి దిగువన, అడుగుకు ఆనించి వలను పట్టుకుని, రెండవ చేత్తో రాయిని మెల్లగా పైకి తేవాలి. పట్టు వదిలిన శాబకాలు ప్రవాహంలో కొట్టుకొచ్చి వలలో పడతాయి. రాయిని నీరున్న పళ్ళెం మీద అడుగు వైపు తిప్పి చూడండి. సాల్మన్‌ఫ్లై శాబకం ముదురు గోధుమ రంగులోనో నలుపులోనో ఉండి, రాయిని కాళ్ళతో కౌగిలించుకున్నట్టు పట్టుకుని ఉంటుంది. దాన్ని వేళ్ళతో పీకకూడదు, కాళ్ళు ఊడిపోతాయి. రాయిని పళ్ళెం నీటిలో ముంచితే అదే దిగుతుంది.

కొందరు కాలితో అడుగంతా కలియబెట్టి, దిగువన వల పట్టి ఒకేసారి వందల పురుగులను పోగుచేస్తారు. నదుల ఆరోగ్యాన్ని కొలిచే శాస్త్రజ్ఞులకు ఆ పద్ధతి అవసరం. చూసి ఆనందించి, కొంత నేర్చుకోవాలనుకునేవారికి అది అవసరం లేదు. నాలుగేళ్ళుగా కుదురుకున్న రాళ్ళ అమరికను అరనిమిషంలో చెదరగొట్టడం నాకు సమ్మతం కాదు. ఒక్కో చోట అయిదారు రాళ్ళు చాలు. చూసిన ప్రతి రాయినీ తీసిన గుంటలోనే, తీసినప్పటి వైపే కిందకు ఉండేలా తిరిగి పెట్టాలి, ఎందుకంటే ఆ అడుగు వైపు ఇతర జీవుల గుడ్లూ గూళ్ళూ ఉంటాయి.

పళ్ళెంలో గుర్తుపట్టడం

కొండ నదిలో ఒక రాయి ఎత్తితే మేఫ్లై, కాడిస్‌ఫ్లై అనే ఇతర నీటి పురుగుల పిల్లలు కూడా కనిపిస్తాయి. తోకలు లెక్కించండి. స్టోన్‌ఫ్లైకి రెండు తోకలుంటాయి. మేఫ్లైకి సాధారణంగా మూడు, కొన్నింటికి మాత్రం రెండే. కాబట్టి తోకలతో ఆగకుండా భూతద్దంతో కాలి చివర చూడాలి: స్టోన్‌ఫ్లై కాలికి రెండు గోళ్ళు, మేఫ్లై కాలికి ఒక్క గోరు. తర్వాత మొప్పలు. మేఫ్లై మొప్పలు ఉదరం పక్కల ఆకుల్లా ఆడుతుంటాయి.

స్టోన్‌ఫ్లై అని తేలాక సాల్మన్‌ఫ్లైనా, దాని పొరుగున ఉండే గోల్డెన్ స్టోన్ అనే మరో స్టోన్‌ఫ్లైనా అన్నది తేల్చుకోవాలి. శాబకాన్ని స్కేలు పక్కన వెల్లకిలా తిప్పి చూస్తే, సాల్మన్‌ఫ్లైకి ఉరం (ఛాతీ) కిందనే కాక ఉదరం మొదటి రెండు ఖండాల కింద కూడా కుచ్చుల్లా మొప్పలుంటాయి. గోల్డెన్ స్టోన్‌లకు ఉదరం మొదటి ఖండాల కింద ఆ కుచ్చులు ఉండవు; పైగా వాటి వీపు మీద పసుపు, గోధుమ రంగుల చిత్రమైన నమూనా కనిపిస్తుంది, ఇతర పురుగులను వేటాడే వాడి దవడలుంటాయి. ఉదరం మూడవ ఖండం కింద కూడా మొప్పలుండి పురుగు చిన్నదైతే అది సాల్మన్‌ఫ్లై దగ్గరి చుట్టమైన టెరోనార్సెల్లా అయివుంటుంది.

పొడవు కొలిచేటప్పుడు మీసాలనూ తోకలనూ వదిలి, తల నుంచి ఉదరం కొస వరకు కొలవాలి. సెప్టెంబరులో ఇరవై ముప్ఫై శాబకాలను కొలిచి అంకెలను వరుసగా రాస్తే ఒక విశేషం బయటపడుతుంది: అంకెలు ఒకే గుంపుగా ఉండవు, రెండు మూడు గుంపులుగా విడిపోతాయి. అవి వేర్వేరు ఏళ్ళలో పుట్టినవి. అన్నిటికన్నా పెద్దవి, నాలుగైదు సెంటీమీటర్లకు దగ్గరపడినవి, రాబోయే వేసవిలో రెక్కలు తొడుగుతాయి. చివరి దశకు చేరిన శాబకం వీపు మీద రెక్కల మొగ్గలు నల్లబడతాయి కాబట్టి, వసంతంలో వాటిని చూసి వెలికి వచ్చే రోజు దగ్గరపడిందని చెప్పవచ్చు.

దాని నడవడిని గమనించడం

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. మొదటిసారి శాబకాన్ని పట్టినప్పుడు, ఫొటోకు వెలుగు బాగుంటుందని పళ్ళాన్ని ఎండలో పెట్టాను. కొద్దిసేపటికి అది ఆరు కాళ్ళ మీద నిలబడి ఒళ్ళంతా పైకీ కిందికీ ఎత్తి దించడం మొదలుపెట్టింది, అచ్చం వ్యాయామశాలలో దండీలు తీస్తున్నట్టు. ముచ్చటపడి వీడియో తీశాను. అది ఊపిరి అందక పడుతున్న అవస్థ అని తర్వాత తెలిసింది. నది ప్రవాహం తన మొప్పల మీదుగా నీటిని నడపడం ఆగిపోయినప్పుడు, శరీరాన్ని కదిపి తానే నీటిని కదపడానికి అది చేసే ప్రయత్నం అది. పళ్ళెంలో దండీలు మొదలయ్యాయంటే ఆ పురుగును వెంటనే నదిలో వదలాలి. అసలు అంతవరకు రానివ్వకుండా పళ్ళాన్ని నీడలో ఉంచి, రెండు మూడు నిమిషాలకొకసారి నీరు మార్చి, పది నిమిషాల్లోపు వదిలిపెట్టాలి.

పళ్ళెంలో మరో రెండు విషయాలు కనిపిస్తాయి. ఒక చదునైన రాయిని పళ్ళెంలో వేస్తే శాబకం వెలుగును తప్పించుకుని దాని కిందికి దూరుతుంది; ఒళ్ళు రెండు వైపులా రాయిని తాకేదాకా సర్దుకుంటుంది. కొన్నిసార్లు ముట్టుకోగానే చుట్టుకుపోయి చచ్చినట్టు పడి ఉంటుంది. దీని ప్రజాతికి చెందిన శాబకాల్లో శత్రువు పట్టుకున్నప్పుడు కాలి కీళ్ళ దగ్గర తన రక్తాన్నే బయటికి చిమ్మే గుణం కూడా ఉంది. అది చూడాలని పురుగును నొక్కవద్దు.

తిండిని పరిశీలించాలంటే రాళ్ళకు అడ్డుపడిన ఆకుల మూటను చూడండి. సాల్మన్‌ఫ్లై వేటగత్తె కాదు. కుళ్ళుతున్న ఆకులను కొరికి ముక్కలు చేసి తింటుంది. అప్పుడే రాలిన పచ్చి ఆకును అంతగా ముట్టదు. నీటి బూజులూ సూక్ష్మజీవులూ కొన్ని వారాలు పట్టి మెత్తబరచిన ఆకే దానికి ఇష్టం. మూటలో ఈనెలు మాత్రం జల్లెడలా మిగిలిన ఆకులు కనిపిస్తే అక్కడ ఆకు తినే పురుగులు పనిచేస్తున్నట్టు. అవి కొరికి వదిలిన పొడి దిగువకు కొట్టుకుపోయి, నీటిలో వల కట్టుకుని కూర్చునే కాడిస్‌ఫ్లై పిల్లలకు తిండి అవుతుంది. చెట్టు ఆకును చేపకు చేరవేసే గొలుసులో ఈ పురుగు ఒక పెద్ద కడియం. ట్రౌట్ చేపలూ, నీటిలో మునిగి అడుగున నడిచే డిప్పర్ పిట్టలూ ఈ శాబకాలను ఇష్టంగా తింటాయి.

వెలికి వచ్చే రాత్రి

నీరు పగటిపూట 12 లేదా 13 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం మొదలైన రోజులను చేపలు పట్టేవారు గుర్తుపెట్టుకుంటారు. అప్పటికి పెద్ద శాబకాలు నది నడుమ నుంచి ఒడ్డు రాళ్ళ కిందికి చేరతాయి. దిగువన నీరు ముందు వెచ్చబడుతుంది కాబట్టి ఈ సంబరం దిగువన మొదలై, రోజులు గడిచేకొద్దీ ఎగువకు జరుగుతుంది. ఒక్కో చోట పతాక స్థాయి కొద్ది రోజులే. మీరు వెళ్ళేసరికి అయిపోయిందని తెలిస్తే నిరాశపడకుండా కారును కొన్ని కిలోమీటర్లు ఎగువకు నడపండి.

పొద్దుగుంకే ముందే చోటు చూసుకుని, చీకటి పడ్డాక ఒడ్డున కదలకుండా కూర్చోండి. తెల్లని దీపం కాక ఎర్రని దీపం వాడండి. శాబకం నీటి అంచు దాటి రాయినో, విల్లో కాండాన్నో, వంతెన స్తంభాన్నో ఎక్కి, గోళ్ళతో గట్టిగా పట్టుకుని ఆగుతుంది. కాసేపటికి వీపు నడిమి గీత వెంట చర్మం చీలి, లేత నారింజ రంగు ఒళ్ళు ఉబికి వస్తుంది. ముడతలు పడిన రెక్కలు విచ్చుకుని గట్టిపడేదాకా అది ఎగరలేదు, పరుగెత్తలేదు. ఆ సమయంలో దాన్ని ముట్టుకుంటే రెక్కలు వంకరపోయి జీవితాంతం అలాగే ఉంటాయి. పిల్లలను వెంట తీసుకెళితే ఈ ఒక్క మాట ముందే చెప్పి ఒప్పించండి.

విల్లో పొదల మీద

మర్నాడు ఉదయం చలికి పురుగులు మొద్దుబారి కొమ్మలకు వేలాడుతుంటాయి కాబట్టి దగ్గరగా చూడడానికి అదే మంచి సమయం. రెక్కలు వీపు మీద బల్లపరుపుగా, ఒకదాని మీద ఒకటి మడిచి ఉంటాయి. వాటి పొడవు ఒంటికన్నా ఎక్కువ. ఆడవి పెద్దవి, మగవి చిన్నవి. ప్రౌఢ దశలో ఇవి దాదాపు ఏమీ తినవు. శాబకంగా దాచుకున్న కొవ్వుతోనే మిగిలిన రోజులు గడుపుతాయి.

ఎండ ఎక్కుతున్నప్పుడు ఒకే కొమ్మ మీద ఓపికగా చూపు నిలపండి. మగ పురుగు తన ఉదరం కొసతో కొమ్మను టకటకమని తట్టి ఆగుతుంది. ఆ కంపనం కొమ్మలోంచి ప్రయాణిస్తుంది. ఇంకా జతకట్టని ఆడది ఉన్నచోటు నుంచే బదులు తడుతుంది. మగది మళ్ళీ తట్టి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ తడుతూ ఆమెను చేరుతుంది. స్టోన్‌ఫ్లైలలో ప్రతి జాతికీ తన తాళం వేరు. ఒక పొదలో రెండు మూడు జాతులున్నా తమవారిని ఎలా గుర్తిస్తాయో దీనివల్ల అర్థమవుతుంది. గాలి వీచే రోజున ఇది కనిపించడం కష్టం.

మధ్యాహ్నం దాటాక ఆడవి గుడ్ల ముద్దను ఉదరం కొసన పెట్టుకుని బరువుగా నది మీద ఎగురుతాయి. నీటిని తాకగానే ముద్ద విడిపోయి గుడ్లు అడుగుకు చేరి రాళ్ళకు అతుక్కుంటాయి. ట్రౌట్ చేపలు నీటి పైకి ఎగిరేది అప్పుడే.

కుబుసాలతో లెక్క

పురుగుకు ఏ హానీ చేయకుండా నది బలాన్ని కొలిచే దారి ఇది. ఒడ్డు వెంట పది మీటర్ల తాడు పరచి, ఆ మేరలో నీటి అంచు నుంచి రెండు మీటర్ల దాకా ఉన్న రాళ్ళనూ కొమ్మలనూ వెతికి ఎన్ని కుబుసాలున్నాయో లెక్కించండి. లెక్కించినవాటిని తీసి పక్కన పెట్టకపోతే మరునాడు మళ్ళీ అవే లెక్కకొస్తాయి. తీసే వీలు లేని చోట సుద్దముక్కతో రాయి మీద గుర్తు పెట్టవచ్చు. వాన పడితే కుబుసాలు కొట్టుకుపోతాయి కనుక వాన వివరం కూడా రాయాలి. తేదీ, గంట, నీటి ఉష్ణోగ్రత, ప్రవాహం, కుబుసాల సంఖ్య, వాటిలో పదింటి పొడవు: ఈ ఆరూ ప్రతిసారీ ఒకే చోట, ఒకే పద్ధతిలో రాయండి. స్పష్టమైన ఫొటోలను జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే నిపుణులు పేరు సరిచూస్తారు.

పొడవు ఎందుకంటే, మాడిసన్, గాలటిన్ నదుల మీద 2019లో వెలువడిన పరిశీలనలో, నీరు వెచ్చగా ఉన్న చోట పురుగులు ముందుగా వెలికి రావడమే కాక చిన్నవిగా కూడా ఉన్నాయని తేలింది. సంఖ్య తగ్గకముందే పొడవు తగ్గవచ్చు.

కనిపించనప్పుడు ఏమి చూడాలి

అన్నీ సరిగ్గా ఉన్నట్టు తోచినా పురుగు కనిపించకపోతే, అది కూడా ఒక పరిశీలనే కాబట్టి సున్నా అని రాసుకోండి. యూటా రాష్ట్రపు లోగన్ నదిలో ఈ పురుగు 20వ శతాబ్ది నడుమ విస్తారంగా ఉండేది, తర్వాత కనుమరుగైంది. కొలరాడో నది ఎగువ భాగంలో విండీ గ్యాప్ అనే లోతు తక్కువ జలాశయాన్ని 1985లో పూర్తిచేశాక, దాని దిగువన వరదలు నీరసించి ఒండ్రు రాళ్ళ సందుల్లో నిండడంతో సాల్మన్‌ఫ్లైలు బాగా తగ్గిపోయాయి. ఆ జలాశయాన్ని చుట్టి నదిని పారించే కొత్త పాయను ఇటీవలి ఏళ్ళలో తవ్వారు. మాడిసన్‌లో కూడా ఎన్నిస్ సరస్సు దిగువన, లోతులేని సరస్సులో ఎండకు కాగిన నీరే పారుతుంది. అక్కడి అంకెనూ సరస్సు ఎగువ అంకెనూ ఒకే రోజున తీసుకుని పక్కపక్కన పెడితే ఒక చదువు దొరుకుతుంది.

ఇంకొక చోటు మన కంటికి ఎప్పటికీ అందదు. మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ నది మైదానంలో, నది నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బావుల్లో సైతం స్టోన్‌ఫ్లై శాబకాలు దొరికాయని స్టాన్‌ఫర్డ్, వార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1988లో ప్రకటించారు. అవి వేరే జాతులు. గులకరాళ్ళ పొరల సందుల్లోంచి నేల కింద నడిచే నది నీటితోపాటు అవీ నడుస్తాయి. నది అంటే పైన కనిపించే నీరు మాత్రమే కాదని నాకు మొదట నమ్మకం కలిగించినది ఈ విషయమే.

మన దేశంలో ఉన్నవారికి ఒక మాట. పశ్చిమ కనుమల వాగుల్లో నియోపెర్లా అనే వేటాడే స్టోన్‌ఫ్లైలున్నాయి. రాయిని ఎత్తే పద్ధతి, రెండు తోకలు, రెండు గోళ్ళ గుర్తు అక్కడా పనికొస్తాయి. కాలం మాత్రం వేరు: వానలు పూర్తిగా ఆగి వాగు తేటపడ్డాకనే దిగాలి, ఎగువ కొండల మీద మబ్బు కనిపిస్తే ఆ క్షణమే గట్టెక్కాలి.

నదిని వదిలే ముందు

న్యూజిలాండ్ బురద నత్త అనే బియ్యపు గింజంత జీవి 1994లో మాడిసన్‌లో కనిపించింది. అది బూట్లకూ వలలకూ అంటుకునే నదులు మారుతుంది. కాబట్టి ఒడ్డునే బూట్లనూ, వలనూ, పళ్ళాన్నీ గట్టి కుంచెతో రుద్ది, అదే నది నీటితో కడగాలి. బూటు లేసులు ఊడదీసి, నాలుక కింద ఇరుక్కున్న గులకరాళ్ళను అక్కడే దులపాలి. మిగిలిన నీరంతా ఒంపేసి, అన్నిటినీ ఎండలో చెమ్మ లేకుండా పూర్తిగా ఆరబెట్టాలి. వల కుట్లలో తడి ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి వేలితో తడిమి చూడండి. తడి తగిలితే మరునాటి నదికి ఆ వలను తీసుకెళ్ళవద్దు. ఆ రోజుకు భూతద్దంతో కుబుసాలను చూస్తే సరిపోతుంది.